గాలిమాటకూ గాలి లెక్కకూ మధ్య

ఏప్రిల్ నెల. ఇంకా తెల్లారలేదు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వైపు పోయే బస్సు మిమ్మల్ని కయత్తారులో దించి వెళ్లిపోయింది. రోడ్డు పక్కన వీరపాండ్య కట్టబొమ్మన విగ్రహం చీకట్లో నల్లగా నిలబడి ఉంది. 1799 అక్టోబరు 16న తెల్లదొరలు ఆయన్ని ఉరి తీసింది ఈ ఊళ్లోనే. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రాజకంబళ నాయకర్ల బిడ్డ ఆయన. ఈ నల్లరేగడి పల్లెల్లో ఆ తెలుగు ఇంకా బతికే ఉంది. ఇక్కడికి దగ్గర్లోని ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగువాళ్ల వలస కథనే తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు.

మీకోసం వచ్చిన టెక్నీషియన్ కూడా అలాంటి ఇంటివాడే. మోటారుసైకిలు స్టాండు తీస్తూ, తమిళ యాస కలిసిన తెలుగులో తొందరపెడతాడు. “రాండి సార్, ఎక్కండి. గాలి లేసేలోపల పని అయిపోవాల.”

వెళ్లేది గాలిమరల పరీక్షా కేంద్రానికి. చెన్నైలో 1998లో సి-వెట్ పేరుతో మొదలై, తర్వాత జాతీయ పవనశక్తి సంస్థగా మారి, ఇప్పుడు ‘నివే’ అని అందరూ పిలిచే సంస్థది అది. డెన్మార్క్ సాయంతో వచ్చిన ఈ కేంద్రం ఇక్కడే ఎందుకుందో తెలియాలంటే పడమర దిక్కు చూడాలి. తెల్లారుతున్న ఆకాశం అంచున పడమటి కనుమలు నీలంగా కనిపిస్తాయి. ఆ కొండల వరసలో సెంగోట్టై దగ్గర ఒక సందు ఉంది. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీంచి వచ్చి, వానంతా కేరళలో కురిపించి, ఆ సందులో ఇరుక్కుని, వేగం పుంజుకుని ఇటు దూకుతుంది. ఇటువైపుకి మిగిలేది తడిలేని గాలి. మే చివర్లో లేస్తే సెప్టెంబరు దాకా ఆగదు.

గాలి లేవకముందు

నేల మీద ఒక ఉక్కు స్తంభం పడుకుని ఉంది. పొడవు 18 మీటర్లు. మొదట్లో మడతబందు వేసి సిమెంటు దిమ్మకు బిగించారు. కొస దగ్గర, చెక్క దిమ్మల మీద తల ఆనించుకుని, అసలు యంత్రం. మూడు ఫైబర్ రెక్కలు, నడుమ జనరేటరు, వెనక రేకు తోక. రెక్కలు తిరిగే వలయం అడ్డుకొలత 3.2 మీటర్లు. దీని కంపెనీ పేరు నేను చెప్పను. ఇలాంటి యంత్రాలు ఈ కేంద్రంలో ఎన్నో నిలబడ్డాయి, వాటన్నిటి తరఫునా ఇది ఒకటి అనుకోండి.

చుట్టూ దూరంగా కనిపించే మహా గాలిమరలతో పోలిస్తే ఇది బొమ్మలా ఉంది. కానీ అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-2 లెక్కలో చిన్న గాలిమర అంటే మరీ చిన్నదేమీ కాదు. రెక్కలు ఊడ్చే వలయం 200 చదరపు మీటర్లకు మించనిదంతా చిన్నదే. అంటే అడ్డుకొలత 16 మీటర్ల దాకా వెళ్లవచ్చు. ఊరి బడి మీద, సెల్‌ టవరు పక్కన, గట్టు మీది పొలంలో, కరెంటు తీగ చేరని తండాలో పెట్టుకునేవి ఇవే.

స్తంభం లేపకముందే గంట సేపు కొలతలు నడుస్తాయి. ఒక్కో రెక్కనూ తూకం వేస్తారు, పొడవు కొలుస్తారు, మొదట్లో ఎంత మందం, కొసలో ఎంత మందం రాసుకుంటారు. జనరేటరు నంబరు, కంట్రోలరు పెట్టెలోని సాఫ్ట్‌వేర్ రకం, ప్రతి బోల్టు సైజు డ్రాయింగుతో సరిచూస్తారు. మీకు విసుగు పుడుతుంది. కానీ ఇక్కడ పాసయ్యే యంత్రం, రేపు రైతు ఇంటికి వచ్చే యంత్రం ఒకటే కావాలి. పరీక్షకు మేలిరకం రెక్క పంపి, అంగట్లో నాసిరకం అమ్మే దారి మూయడానికే ఈ చాకిరీ అంతా. తర్వాతెప్పుడైనా కంపెనీ రెక్కను మార్చితే, పాత కాగితం కొత్త రెక్కకు దానంతటది వర్తించదు.

ఇప్పుడు లేపుతారు. స్తంభం మొదట్లో అడ్డంగా బిగించిన ఇంకో చిన్న స్తంభం మీదుగా ఉక్కుతాడు వించికి వెళ్తుంది. స్తంభాన్ని నలువైపులా పట్టి ఉంచే గై వైర్ల దగ్గర నలుగురు. స్తంభం పడితే ఎంత దూరం పడుతుందో అంత దూరం నేల మీద సున్నం గీత. మిమ్మల్ని ఆ గీత బయటే నిలబెడతారు. వించి కిర్రుమంటుంది. తల దిమ్మల మీంచి జానెడు లేచి ఆగుతుంది. తీగలన్నీ మరోసారి చూస్తారు. మళ్లీ కిర్రు. కొద్దికొద్దిగా, మంచం మీంచి ముసలాయన్ని లేపినంత జాగ్రత్తగా, అది నిలువుగా అవుతుంది. గై వైర్లు బిగిసి చిన్నగా మోగుతాయి. టెక్నీషియన్ నుదురు తుడుచుకుంటాడు. అప్పటికి తూర్పున తాటిచెట్ల వెనక సూర్యుడు పొడుస్తున్నాడు.

దాని పక్కనే ఇంకో స్తంభం, సన్నంగా. కొసన గాలి వేగం కొలిచే మూడు గిన్నెల ఎనిమోమీటరు సరిగ్గా రెక్కల నడిబొడ్డు ఎత్తులో తిరుగుతోంది. రెండు స్తంభాల మధ్య దూరం ఎనిమిది మీటర్లు, అంటే రెక్కల వలయానికి రెండున్నర రెట్లు. మరీ దగ్గరైతే గాలిమర నీడ గిన్నెల మీద పడుతుంది. మరీ దూరమైతే గిన్నెలు కొలిచే గాలి వేరు, రెక్కలకు తగిలే గాలి వేరు అవుతుంది. ఆ ఎనిమోమీటరు ఇక్కడికి రాకముందు గాలి సొరంగంలో పరీక్ష రాసి వచ్చింది. కొలిచేదాన్ని కూడా కొలిచాకే నమ్ముతారు.

ఆడి గాలి

జులై మూడో వారం. మీరు మళ్లీ వచ్చారు. ఈసారి బస్సు దిగగానే చొక్కా వీపుకి అతుక్కుపోయింది, చెమటకు కాదు, గాలికి. ఆడి గాలికి సన్నెకల్లు కూడా ఎగిరిపోతుందని తమిళుల సామెత. వాళ్ల ఆడి మాసం మొదలై కొద్దిరోజులే అయింది. రేగడి దుమ్ము పళ్ల మధ్య కరకరలాడుతుంది. తాటాకులన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు వంగి ఉన్నాయి. మాట్లాడాలంటే అరవాలి.

గదిలోకి వచ్చి తలుపు మూస్తే ఒక్కసారిగా నిశ్శబ్దం. బల్ల మీద కంప్యూటరు, గోడకు డేటా లాగరు. సెకను సెకనుకూ గాలి వేగం, దిక్కు, ఉష్ణోగ్రత, గాలి పీడనం, యంత్రం ఇచ్చే కరెంటు లోపలికి వస్తున్నాయి. కంప్యూటరు ప్రతి నిమిషానికీ సగటు తీసి తెర మీద ఒక చుక్క పెడుతుంది. పెద్ద గాలిమరలకు పది నిమిషాల సగటు. చిన్నదానికి నిమిషం సగటే, ఎందుకంటే చిన్న రెక్కలు గాలి మారగానే మారతాయి.

ఇంజనీరమ్మ తెర మీది చుక్కల గుంపును మీకు చూపిస్తుంది. అడ్డంగా గాలి వేగం, నిలువుగా కరెంటు. వేగాన్ని సెకనుకు అర మీటరు చొప్పున గడులుగా విడగొట్టారు. ఒక్కో గడిలో కనీసం పది నిమిషాల కొలత పడాలి. మొత్తం మీద కనీసం 60 గంటలు నిండాలి. తక్కువ గాలి గడులు ఏప్రిల్‌లోనే నిండిపోయాయి. పై గడుల కోసమే ఈ జులై దాకా ఎదురుచూపు. ఈశాన్యం నుంచి గాలి వీచిన నిమిషాలను పక్కన పెట్టేశారు. అటువైపు గాలికి వేరే టవరు అడ్డం. అడ్డం తగిలిన గాలితో కొలిచిన లెక్క లెక్క కాదు.

“ఈ సున్నా కిందున్న చుక్కలేంటండీ?” అని మీరు అడుగుతారు.

“గాలి లేనప్పుడు ఇన్వర్టరు, కంట్రోలరు బతకడానికి కరెంటు తాగుతాయి. అది కూడా రాస్తాం. రైతు మీటరులో అది కూడా పడుతుంది కదా.”

తర్వాత ఆమె కాగితం మీద ఒక లెక్క వేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని బలం రెట్టింపు అవ్వదు, ఎనిమిది రెట్లవుతుంది. వేగాన్ని మూడుసార్లు దానితో దాన్నే హెచ్చవేసిన లెక్క అది. అందుకే ఎనిమోమీటరు నూటికి మూడు తప్పు చెప్పిందంటే బలంలో నూటికి తొమ్మిది దాటి తప్పు వస్తుంది. ఎనిమిది మీటర్ల దూరం గురించీ గాలి సొరంగం గురించీ అంత పట్టుదల ఎందుకో మీకిప్పుడు అర్థమవుతుంది.

ఇంకో లెక్క. సముద్రమట్టపు గాలిలో, సెకనుకు అయిదు మీటర్ల వేగంలో, ఒక్క చదరపు మీటరు గుండా పోయే బలం మొత్తం కలిపి 77 వాట్లు. అందులో 59.3 శాతానికి మించి ఏ రెక్కా పట్టుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ నూరేళ్ల కిందటే తేల్చాడు. అంటే 45 వాట్లు, అదీ దేవుడే రెక్క చేసి ఇస్తే. మనుషులు చేసిన మంచి చిన్న గాలిమర 25, 30 వాట్లు ఇస్తే గొప్ప. ఇప్పుడు ఎవరైనా చదరపు మీటరు డాబా యంత్రం తెచ్చి, మామూలు పిల్లగాలికే 500 వాట్లు ఇస్తుందంటే ఏమనాలి? మన భాషలో దానికి ఎప్పటినుంచో పేరుంది. గాలిమాట.

మన ముందున్న యంత్రం వలయం ఎనిమిది చదరపు మీటర్లు. సెకనుకు 11 మీటర్ల గాలిలో రెండు కిలోవాట్లు ఇవ్వడం దానికి సాధ్యమే. కానీ అయిదు మీటర్ల గాలిలో అదే యంత్రం 200 వాట్లు కూడా దాటదు. పెట్టె మీద “2 కిలోవాట్లు” అని ఉంటే అది అబద్ధం కాదు. అయితే మీ ఊళ్లో 11 మీటర్ల గాలి ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుందో ఆ పెట్టె చెప్పదు.

మీట

మధ్యాహ్నం మూడు. గాలి 12 దగ్గర ఊగుతోంది. ఇంజనీరమ్మ హెల్మెట్ ఒకటి మీ చేతికిస్తుంది. ఇవాళ రక్షణ పరీక్ష.

బయటికి రాగానే పైకి చూస్తారు. రెక్కలు కనిపించవు, తెల్లటి పళ్లెం ఒకటి మాత్రమే. ఆ రెక్కల కొస గంటకు 270 కిలోమీటర్లు దాటి పోతోంది. గాలి కొంచెం గట్టిగా తోయగానే యంత్రం మొహం పక్కకి తిప్పుకుంటుంది, మళ్లీ నిదానంగా ఎదురు తిరుగుతుంది. పిచ్చిదేం కాదు, అది దాని తెలివి. రెక్కల ఇరుసును స్తంభం నడిమధ్యకు కాస్త పక్కగా బిగించారు. గాలి మితిమీరితే ఆ పక్కతోపు తోకను గెలిచి రెక్కల్ని తప్పిస్తుంది. గాలి తగ్గగానే బరువుకి తోక తిరిగి చోటికి వస్తుంది. మోటారు లేదు, కంప్యూటరు లేదు. పెద్దగాలికి తల వంచే చెట్టు దగ్గర నేర్చుకున్నట్టుంది.

మొదటి పరీక్ష, కరెంటు పోవడం. మన ఊళ్లలో గాలివాన మొదలవగానే ముందు పోయేది లైనే కదా. లైను పోతే జనరేటరు మీది బరువు పోతుంది. దిగుడు దారిలో పగ్గం తెగిన బండిలా రెక్కలు రెచ్చిపోతాయి. చిన్న గాలిమరకు చావు ఎక్కువగా వచ్చేది ఇలాగే. టెక్నీషియన్ స్విచ్చి తీస్తాడు. పైన గీపెట్టినట్టు ఒక శబ్దం లేస్తుంది. మీ అరచేతులు చెమటపడతాయి. ఒకటి, రెండు, మూడు... గది గోడ బయట ఉన్న హీటరు కాయిళ్లలోకి కరెంటు మళ్లి ఎర్రబడుతుంది. గీపెట్టడం తగ్గుతుంది. రెక్కల చుట్ల గీత తెర మీద పైకి లేచి, గీసిన హద్దు తాకకుండా కిందికి వాలుతుంది.

రెండోది, బ్రేకు. ఇంజనీరమ్మ మిమ్మల్నే పిలుస్తుంది. “మీట మీరే వేయండి.”

వేస్తారు. జనరేటరు మూడు తీగలూ ఒకదానికొకటి కలిసిపోతాయి. అయస్కాంతాలు తామే తమని పట్టుకుంటాయి. స్తంభమంతా ఒక్కసారి వణికి, ఆ వణుకు గై వైరులోంచి మీ కాలి కింద సిమెంటు దాకా వస్తుంది. తెల్ల పళ్లెంలోంచి మూడు రెక్కలు విడివిడిగా బయటపడతాయి. నెమ్మదిస్తాయి. దాదాపు ఆగిపోతాయి. ఆమె కొన్ని నిమిషాలు చూస్తుంది, మళ్లీ వదులుతుంది. ఇంకో గాలికి మళ్లీ ఆపుతుంది. ఒక్కసారి ఆగడం అదృష్టం కావచ్చు. ప్రతిసారీ ఆగితేనే అది రక్షణ.

రాత్రి రెండు గంటలు

అందరూ నిద్రపోయే వేళకు మైకు తీస్తారు. స్తంభం నుంచి దాదాపు 20 మీటర్ల దూరంలో, గాలి దిగువన, నేల మీద గుండ్రటి చెక్కబల్ల పరిచి, దాని మీద మైకు పడుకోబెడతారు. గాలిమర తిరుగుతున్నప్పుడు కొంతసేపు, ఆపేసి కొంతసేపు వింటారు. ఆపినప్పటి రొదను తీసేస్తే మిగిలేది దాని సొంత గొంతు.

మీరు చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. హైవే మీద లారీ పోతుంది, ఆ నిమిషం కొట్టేస్తారు. ఎక్కడో నెమలి అరుస్తుంది, అదీ కొట్టేస్తారు. ఇంత శ్రమ పొరుగింటి కోసం. గాలిమర కొన్నవాడికి ఆ చప్పుడు డబ్బు చప్పుడు. పక్కింట్లో బాలింతకు అది నిద్రలేమి. ఇంగ్లండులో 2007 నుంచి 2009 దాకా వార్విక్ ట్రయల్స్ పేరుతో ఇళ్ల మీదా భవనాల మీదా బిగించిన 26 చిన్న గాలిమరలను కొలిచారు. చప్పుడు గురించి ఫిర్యాదులొచ్చి వాటిలో కొన్నిటిని ఆపేయాల్సి వచ్చింది. ఆగిపోయిన రోజులు కూడా కలిపి చూస్తే ఒక్కో యంత్రం రోజుకు సగటున ఇచ్చింది 214 వాట్-గంటలు. మామూలు ఫ్యాను మూడు గంటలు తిరిగితే అయిపోయే కరెంటు అది. ఇళ్ల కప్పుల మీద గాలి చిక్కుపడి సుడులు తిరుగుతుంది, గాలిమరకు కావలసింది తేటగాలి. ఆ సంగతిని ప్రకటన ఏదీ చెప్పలేదు. కొలత చెప్పింది.

దించిన రోజు

అక్టోబరు సగం గడిచింది. గాలి చల్లబడింది. ఈశాన్యం నుంచి మబ్బులు రావడం మొదలైంది. ఆరు నెలలు నిండాయి.

లాగ్‌బుక్ మీ ముందుంది. ప్రమాణం అడిగేది ఇది: ఆరు నెలల నడక, అందులో కరెంటు పుట్టించిన గంటలు 2,500. వాటిలో 250 గంటలు గట్టి గాలిలో, 25 గంటలు మరీ గట్టి గాలిలో. ఈ యంత్రం రెండో తరగతిది. అంటే ఏడాది సగటు గాలి సెకనుకు 8.5 మీటర్ల చోటికి తయారైంది. కాబట్టి దానికి గట్టి గాలి అంటే 10.2, మరీ గట్టి గాలి అంటే 15.3 మీటర్లు. నడవాల్సిన వేళలో నూటికి తొంభై వంతులైనా నడిచి ఉండాలి. మధ్యలో ముఖ్యమైన భాగం విరిగి, మార్చాల్సి వస్తే పరీక్ష నెగ్గినట్టు కాదు. ఆ పాతిక గంటలు ఎంత కష్టపడి పోగయ్యాయో పేజీల్లో కనిపిస్తుంది. ఆగస్టు రాత్రుల్లో ఇరవై నిమిషాలు, పదకొండు నిమిషాలు, అరగంట. పేజీ పేజీకీ టెక్నీషియన్ సంతకం, పక్కన తమిళంలో చిన్న అక్షరాలు. తోక బోల్టు వదులైంది, బిగించాం. రెక్క అంచున దుమ్ముగీత. తీగ మూడు చుట్లు మెలిపడింది.

వించి మళ్లీ కిర్రుమంటుంది. ఏప్రిల్‌లో లేచినదే అదే నెమ్మదితో ఒరుగుతుంది. దగ్గరికి వెళ్లి రెక్క అంచు మీద వేలు పెట్టండి. ఏప్రిల్‌లో గాజులా ఉండేది, ఇప్పుడు ఉప్పుకాగితంలా గరుకు. ఆరు నెలల రేగడి దుమ్ము గీకిన గరుకు. ఇక ముక్క ముక్క విప్పుతారు. బేరింగు తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటారు. రెక్క మొదలును భూతద్దంతో వెతుకుతారు, వెంట్రుకవాసి చీలిక ఉందేమోనని. వెల్డింగుల దగ్గర తుప్పు చూస్తారు. ఏప్రిల్ తూకం కాగితం తీసి పక్కన పెట్టుకుంటారు. మొదటి నెలలో ఏ గాలికి ఎంత కరెంటు ఇచ్చిందో, ఆఖరి నెలలో అదే గాలికి ఎంత ఇచ్చిందో సరిచూస్తారు. ముసలితనం అప్పుడే మొదలైతే అక్కడే బయటపడుతుంది.

“ఇది బాగుందా, బాగాలేదా?” అని అడిగితే టెక్నీషియన్ జవాబు చెప్పడు. “నేను చూసింది రాసినాను సార్” అంటాడు. పరీక్షా నివేదిక అంటే అంతే, చూసింది చూసినట్టు రాసిన కాగితం. సర్టిఫికెట్ దాని తర్వాతి మెట్టు. ఈ నివేదికతోపాటు రెక్క బలం, స్తంభం బలం లెక్కలు, ఇసుకమూటలు వేలాడదీసి రెక్కను వంచిన పరీక్ష, ఫ్యాక్టరీలో ప్రతి యంత్రాన్నీ ఒకేలా చేస్తున్నారా అనే తనిఖీ, అన్నీ కలిపి చూసి ఇచ్చే మాట అది. మన దేశంలో చిన్న గాలిమరకు కేంద్ర సబ్సిడీ రావాలంటే ఆ మోడల్ పరీక్ష నెగ్గి జాబితాలోకి ఎక్కాల్సి ఉండేది. అమెరికాలో చిన్న గాలిమరల సర్టిఫికేషన్ మండలి తన మొదటి సర్టిఫికెట్టును 2011లో బర్గీ కంపెనీ ఎక్సెల్ 10కి ఇచ్చింది. అప్పటికే గాలిమరలు అమ్మడం మొదలై దశాబ్దాలు గడిచాయి. కొలత ఎప్పుడూ అమ్మకం వెనకే, రొప్పుతూ పరిగెత్తింది. ఆలోపు మోసపోయినవాళ్లు గాలిమర అనే మాటనే నమ్మడం మానేశారు. నిజాయితీగా మంచి యంత్రం చేసినవాడు కూడా ఆ అపనమ్మకానికి బలయ్యాడు.

తిరుగు బస్సు ఎక్కారు. కిటికీలోంచి కట్టబొమ్మన విగ్రహం వెనక్కి జరుగుతుంది. మీకు అనంతపురం గట్ల మీదో, ప్రకాశం తీరంలోనో, పాలమూరు మెట్టలోనో ఒక చెక్క ఉండి, గాలిమర పెట్టాలని ఆశ ఉంటే, ఆ ఆశ మంచిదే. ఎండ లేని రాత్రి, మబ్బు పట్టిన వానాకాలం సోలారు పలక పడుకుంటే, గాలి మేలుకుని ఉంటుంది. అయితే అమ్మేవాడు వచ్చినప్పుడు కిలోవాట్ల దగ్గర ఆగిపోకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. సెకనుకు అయిదు మీటర్ల సగటు గాలిలో ఇది ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుంది? ఎంత చప్పుడు చేస్తుంది? ఏ తరగతి గాలికి తట్టుకుంటుంది? ఈ మూడో ప్రశ్న తీరంలో ఉన్నవాళ్లు తప్పక అడగాలి, 2014 హుద్‌హుద్‌ తుఫానును మీరు మరిచిపోలేదు కదా. నాలుగోది, ఈ మూడు జవాబులూ ఎవరు కొలిచారు, ఆ నివేదిక ఏది?

నివేదిక చేతికి ఇస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, బేరం మాట్లాడండి. ఇవ్వకపోతే కొనకండి. ఆరు నెలలు ఒక స్తంభం కింద నిలబడి, రాత్రి పగలు గాలిని లెక్కపెట్టినవాళ్ల సంతకం లేని గాలిమర మీ పొలంలో నిలబడే అర్హత తెచ్చుకోలేదు.